చంద్రగిరి నుంచి చెన్నపట్నం దాకా

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయినేడాది విహారయాత్రను మీరెవరూ మరిచిపోయి ఉండరు. ఒక్క రోజులో ఆరు చోట్లు పెట్టుకున్నాం. ఎక్కడా అరగంట నిలబడింది లేదు. బస్సులో పిల్లలకు వాంతులు, రాత్రి పదకొండున్నర దాకా గేటు దగ్గర మీ పడిగాపులు. ఆ ప్లాన్ వేసింది నేనే, తప్పూ నాదే.

ఈసారి ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఒకటే ఊరు, మూడే చోట్లు. చెన్నైలో సెయింట్ జార్జ్ కోట, లైట్‌హౌస్, మెరీనా. వాటర్ పార్కు అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. అది ఎండాకాలం సెలవుల్లో మీరే తీసుకెళ్లండి.

ఈ యాత్రకు కారణం ఒక పిల్లాడి ప్రశ్న. నవంబరులో చంద్రగిరి వెళ్లినప్పుడు, రాజమహల్ ముందు మా సోషల్ టీచర్ మద్రాసు పుట్టిన కథ చెప్పారు. విజయనగర రాజులు చంద్రగిరి రాజధానిగా ఏలుతున్న రోజుల్లో, వాళ్ల కింది నాయకుడు దామెర్ల వెంకటాద్రి 1639లో సముద్రం ఒడ్డున కాస్త ఇసుక నేల ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. 1645లో శ్రీరంగరాయలు ఆ దానాన్ని ఖాయం చేశారు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నమైంది. "మరి అక్కడ ఇంగ్లీషువాళ్లు కట్టిన కోట ఇప్పుడుందా మేడమ్?" అని తొమ్మిదో తరగతి వాడొకడు అడిగాడు. ఉంది, మూడున్నర గంటల దూరంలోనే ఉంది.

ఇంకో సంగతి చాలామంది పెద్దవాళ్లకే తెలియదు. మద్రాసుకు ముందు ఆ కంపెనీ కొట్టు మన జిల్లాలోనే, వాకాడు మండలం దుగరాజపట్నంలో ఉండేది. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే నేత బట్టల వ్యాపారానికి ఇంకా మంచి చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్లి ఆ నేల సంపాదించాడు. 1640లో మకాం అక్కడికే మార్చేశారు.

కోటలో మ్యూజియం, 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి చూస్తారు. 1947 ఆగస్టు 15న ఆ కోటమీద ఎగరేసిన జెండా మ్యూజియంలో ఉంది. నేను వెళ్తున్నది ముఖ్యంగా దానికోసమే అనుకోండి.

తర్వాత లైట్‌హౌస్. హార్బరు లోపలికి అనుమతులు కావాలి కాబట్టి ఓడల్ని పైనుంచే చూస్తాం. మద్రాసుకు సహజమైన రేవు లేదు. ఓడలు దూరంగా ఆగితే, కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకు వచ్చేవాళ్లు. రాతి గోడలతో హార్బరు కడుతుంటే 1881 తుపాను చాలా పని తుడిచిపెట్టింది, మళ్లీ కట్టారు. ఆ గోడలే ఇసుకను దక్షిణం వైపు ఆపేసి మెరీనాను ఇంత వెడల్పు చేశాయి. ఉత్తరాన రాయపురం వైపు మాత్రం సముద్రం ఒడ్డును తినేస్తోంది. ఒకప్పుడు అలలు కోట గోడ దాకా వచ్చేవంటే పిల్లలు నమ్మరు, పైనుంచి చూపిస్తే నమ్ముతారు.

మెరీనాలో మాత్రం నీళ్లలోకి దిగనివ్వం. పాదాలు తడుపుకోవడానికి కూడా వద్దు. "అంత దూరం వెళ్లి అదేంటి మేడమ్" అని ఇప్పటికే ముగ్గురు తల్లులు ఫోన్ చేశారు. ఆ అలల లాగుడు ఈతగాళ్లనే వదలదు. ఈ ఒక్క విషయంలో నన్ను బతిమాలొద్దు.

తేదీ ఫిబ్రవరి మొదటి శనివారం. శుక్రవారం మ్యూజియానికి సెలవు. మిగతా పనిదినాల్లో కోటలోని సెక్రటేరియట్ వల్ల రద్దీ, తనిఖీలు ఎక్కువ. జనవరిలో పెడదామంటే గణతంత్ర దినం పరేడ్ మెరీనా రోడ్డుమీదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు సరే సరి.

ఉదయం 5 గంటలకు బస్సు కదులుతుంది, ఎవరికోసమూ ఆగదు. టిఫిన్ పుత్తూరులో. (అక్కడ విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకునే పని మాత్రం పడకూడదని నా మొక్కు.) మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం స్కూలు నుంచే. తిరుగు ప్రయాణం సాయంత్రం 4కే, కాబట్టి 8 గంటలకల్లా గేటు దగ్గరుంటే చాలు.

మనిషికి 700 రూపాయలు. కట్టడం ఇబ్బందైతే నాతో విడిగా ఒక్క మాట చెప్పండి, పిల్లలకు కూడా తెలియనివ్వను. స్కూలు ఐడీ కార్డు మెడలో ఉండాలి, ఫోన్లు ఇంట్లో ఉండాలి. బస్సు పడని పిల్లల పేర్లు ముందే క్లాస్ టీచరుకు చెబితే ముందు సీట్లలో కూర్చోబెడతాం.

అనుమతి పత్రం డైరీలో పెట్టి పంపాం. సంతకం చేసి ఈ నెల 25 లోపు పంపించండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని,
తిరుపతి