పార్కు చెరువు పునరుద్ధరణ ప్రణాళిక: జమా ఖర్చుల వివరణ

పాలకొల్లులోని మన కాలనీ పార్కు చెరువును బాగుచేసే ప్రణాళిక కోసం గత నవంబరు నుంచి ఈ జూన్ నెలాఖరు వరకు వసూలైన సొమ్మును, అందులో అయిన ఖర్చును కమిటీ తరఫున తెలియజేస్తున్నాం. తట్టెడు మట్టి తీయకుండానే లక్ష రూపాయలు అయిపోయాయన్న మాట కాలనీలో తిరుగుతున్నందున, నోటీసు బోర్డుకు అంటించే పట్టికతో సరిపెట్టకుండా కొంత వివరంగా రాయవలసి వచ్చింది.

ఇళ్ల చందాలుగా రూ.1,41,500, వేరే ఊళ్లలో స్థిరపడిన మనవాళ్లు పంపిన రూ.25,000, ఉదయం నడకకు వచ్చేవారు ఇచ్చిన రూ.8,000, బ్యాంకు వడ్డీ రూ.612 కలిపి మొత్తం జమ రూ.1,75,112. అడగకముందే తెచ్చిచ్చిన వారికి, ముఖ్యంగా పింఛను సొమ్ములోంచి ఇచ్చిన పెద్దలకు కృతజ్ఞతలు. 74 ఇళ్లవారు రాయించిన చందా రూ.1,85,000 కాగా, 17 ఇళ్ల నుంచి రూ.43,500 ఇంకా రావలసి ఉంది. దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బు పడగానే ఇస్తామన్నవారు వీరిలో కొందరున్నారు. ఇప్పుడు సార్వా (మొదటి పంట) నారుమళ్లు కూడా పోశారని వారికి మనవి.

ఖర్చులో రసీదు పుస్తకాలకు, జిరాక్సులకు రూ.2,340, సమావేశాల షామియానాకు, టీలకు రూ.3,150, గుర్రపుడెక్క తీసిన కూలీలకు, పడవ అద్దెకు రూ.18,600, నీటి పరీక్షకు రూ.7,500, మట్టి పరీక్షకు రూ.9,000, ప్లానుకు, ఎస్టిమేటుకు రూ.15,000 అయ్యాయి. వీటిపై ఎవరూ పెద్దగా అడగలేదు. అడిగినదల్లా లెవెల్స్ (ఎత్తుపల్లాలు), పూడిక కొలతల సర్వేకు ఇచ్చిన రూ.46,000 గురించే.

ఇదే పని రూ.28,000కు చేస్తామన్న వారుండగా వారిని ఎందుకు కాదన్నారన్నది మొదటి ప్రశ్న. ఆ ధర గట్ల ఎత్తు, నీటిమట్టం కొలవడానికి మాత్రమే. అడుగున ఎంత బురద ఉందో అందులో తేలదు. మనకు కావలసినదేమో ఆ బురద లెక్క. డిసెంబరులో రూ.20,000 అడ్వాన్సు ఇచ్చి, ఏప్రిల్ దాకా పని మొదలుపెట్టించకపోవడం రెండో ప్రశ్న. కొలతలకు ముందు చెరువులో నీరు తగ్గాలి. నరసాపురం కాలువ నిండుగా పారుతున్నంతకాలం తూము మూసినా ఊటతో చెరువు తగ్గదు. ఇంజన్లు పెట్టి తోడించవచ్చు కదా అన్నారు. బంకమట్టి గట్టు ముందు నుంచి నీరు ఒక్కసారిగా తగ్గితే, లోపల పట్టిన తడి బయటికి రాక గట్టు జారిపోతుంది. మన పార్కు ప్రహరీ ఉన్నది ఆ గట్టు మీదే. అందుకే గోదావరి నుంచి మన కాలువలు మొదలయ్యే విజ్జేశ్వరం దగ్గర వాటిని కట్టేసేవరకు ఆగాం. ముందే ఒప్పందం రాసుకున్నందున, వేసవిలో అందరికీ పని ఉన్న రోజుల్లో కూడా పాత ధరకే వారు వచ్చారు.

ఆ కొలతలతో ఏం తెలిసిందో కూడా చెప్పాలి. సర్వేవారు పడవలోంచి దింపిన గెడ మొదట చేతి బరువుకే జారిపోయి, గట్టి బంక తగిలిన చోట ఆగేది. బురద పైభాగానికి, ఆ గట్టి బంకకు మధ్య తేడాయే పూడిక. అంతకుముందు ఒక కాంట్రాక్టరు కంటి చూపుతో నాలుగడుగుల పూడిక అని అంచనా వేయగా, కొలిస్తే సగటున రెండడుగులే తేలింది. ఎకరా నలభై సెంట్ల చెరువులో అది రమారమి 3,400 ఘనపు మీటర్లు, అంటే ట్రక్కుకు మూడు ఘనపు మీటర్ల చొప్పున పదకొండు వందల పైచిలుకు ట్రాక్టరు ట్రక్కులు. కంటి అంచనాను నమ్మి ఉంటే ఇంతకు రెట్టింపు మట్టికి డబ్బు కట్టేవాళ్లం. అంతకంటే ముఖ్యంగా, బంక పొర కింద ఇసుక, అందులో ఉప్పునీరు ఉన్నట్లు మట్టి పరీక్షలో తేలింది. పొక్లెయిన్ ఆ పొరను కోసేస్తే తీపినీటి చెరువు ఉప్పు తేలుతుంది.

నీరు తగ్గాక తూర్పు గట్టు అడుగున, ఇన్నాళ్లూ మునిగి ఉన్న రెండు మురుగు పైపుల మూతులు బయటపడ్డాయి. బూడిదరంగు నీరు సన్నటి ధారగా పడుతూనే ఉంది. తెల్లవారుజామున తీసిన నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు రెండు మిల్లీగ్రాముల లోపే ఎందుకుందో (మురుగు కుళ్లుతూ ఆక్సిజన్‌ను తినేస్తుంది), చేపల చెరువులు చేసేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ పైపులు ఏ ఇళ్లవో ఇక్కడ రాయడం లేదు కానీ, సర్వే దండగన్న గొంతుల్లో ఒకటి అటు నుంచే వచ్చిందని మాత్రం చెప్పక తప్పడం లేదు. ఆ పైపులను డ్రెయిన్‌కు మళ్లించడమే ఎస్టిమేటులో మొదటి పనిగా చేర్చాం. అది చేయకుండా పూడిక తీస్తే రెండేళ్లలో మళ్లీ ఇదే బురద.

మొత్తం ఖర్చు రూ.1,01,590. నిల్వ రూ.73,522లో రూ.71,022 బ్యాంకులోను, రూ.2,500 కోశాధికారి చేతిలోను ఉన్నాయి. ప్లానుతో పాటు అనుమతికి దరఖాస్తు ఇచ్చాం. అది వచ్చేవరకు నిల్వలోంచి రూపాయి కూడా తీయకూడదని తీర్మానించాం. రావలసిన చందాలు శ్రావణమాసం లోపల చెల్లించవలసిందిగా కోరుతున్నాం.

రసీదులు, సర్వే షీట్లు ప్రతి ఆదివారం ఉదయం పార్కు గదిలో ఎవరైనా చూడవచ్చు. నకళ్లు కావలసినవారు జిరాక్సు ఖర్చు తామే పెట్టుకోవాలి, ఆ రూ.2,340 కూడా ఎక్కువేనని ఒకరు రాసి ఇచ్చారు.