తరాల చేతిపని తెగిపోకూడదు

సంపాదకులకు,

ఆర్యా,

జర్మనీలోని బాన్ నగరంలో 1882లో యోహానెస్ క్లైస్ స్థాపించిన చర్చి ఆర్గన్ల (గొట్టాలలోకి గాలి పంపి, మీటలతో వాయించే పెద్ద వాద్యాల) తయారీ సంస్థ నాలుగో తరం చేతుల్లో నేటికీ నడుస్తున్నదన్న సంగతిని, హార్మోనియం మీదనే కీర్తనలు నేర్చుకున్న మన ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల పాఠకులతో పంచుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఫిలిప్పీన్స్‌లోని లాస్ పిన్యాస్ చర్చిలో, స్పెయిన్ నుంచి వచ్చిన డియేగో సెరా అనే క్రైస్తవ మతగురువు 1824లో పూర్తిచేసిన ఆర్గన్ ఉంది. దాని 1031 గొట్టాలలో 902 వెదురువే. వెదురు ఎంత తీయగా పలుకుతుందో పిల్లనగ్రోవి విన్న మనకు వేరే చెప్పనక్కరలేదు. భూకంపాలకు, తుపానులకు దెబ్బతిన్న ఆ వాద్యాన్ని 1973లో విడదీసి క్లైస్ వారికి పంపగా, వారు మరమ్మతు చేసి, శ్రుతి కలిపి, 1975లో తిరిగి అప్పగించారు. జర్మనీ ఆర్గన్ నిర్మాణ కళను, సంగీతాన్ని యునెస్కో 2017లో అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

మా చర్చిలోని కాలి హార్మోనియం తిత్తి చిరిగి రెండేళ్లయింది. దాన్ని బాగుచేసే పెద్దాయన కాలం చేశారు; ఆయన కొడుకులు బతుకుతెరువు కోసం వేరే పనుల్లో కుదురుకున్నారు, వారిని తప్పుపట్టలేను. తిత్తి కుట్టడం, రీడు (స్వరం పలికే సన్నని లోహపు పలక) గీకి శ్రుతి సరిచేయడం వంటి పనులను మన ఐటీఐలలో చిన్న కోర్సుగా నేర్పాలని ప్రభుత్వాన్ని, ఈ జిల్లాలలో మిగిలిన పనివారిని గురించి వరుసగా రాయాలని మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఒంగోలు