కనిపెట్టుకుని ఉండటం అంటే డయాలసిస్ మానేయడం కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది ఒంగోలు. మా ఆవిడకి రెండు కిడ్నీలూ పాడయ్యి నాలుగేళ్ళయ్యింది, వారానికి మూడు రోజులు డయాలసిస్, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి. చనిపోయినవాళ్ళు దానం చేసిన అవయవాలు రోగులకి ఇప్పించే జీవన్‌దాన్‌లో కిడ్నీ కోసం పేరు రాయించి ఎప్పుడు ఫోనొస్తుందా అని చూస్తున్నాం. మేం క్రైస్తవులం, మా తాతల కాలం నుంచీ.

పోయిన నెల తెలిసినవాళ్ళు పట్టుబడితే ఒక స్వస్థత కూడికకి వెళ్ళాం. ప్రసంగం చేసినాయన మా ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, అమ్మా ఈ నెలాఖరుకల్లా నీ కిడ్నీలు పనిచేస్తాయి, నీకు విశ్వాసం ఉంటే ఇక ఆ మిషన్ దగ్గరికి వెళ్ళకు, ఆ లిస్టులోంచి పేరు కూడా తీయించేసుకో అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేకపోయాను. మంగళవారం పొద్దున ఐదింటికి లేచి చూస్తే ఆవిడ బ్యాగ్ సర్దుకోలేదు, మంచం మీద కూర్చుని ఉంది. నాకు విశ్వాసం తక్కువేమోనండీ, ఈసారి దేవుని కోసం కనిపెడదాం అంది. నేను గట్టిగా చెప్పలేకపోయాను, అది నా తప్పే, ఇప్పటికీ బాధపడుతున్నా. మంగళవారం పోయింది, గురువారం పోయింది, కాళ్ళు వాచిపోయాయి, పడుకుంటే ఊపిరి ఆడక రాత్రంతా దిండుకి ఆనుకుని కూర్చునే ఉంది. శుక్రవారం తెల్లారుజామున ఎమర్జెన్సీలో పడేశాం. బరువు చూస్తే ఐదు కేజీలు ఎక్కువుంది, అంతా నీరే. పొటాషియం పెరిగిపోయింది, ఇంకొంచెం ఆలస్యమైతే గుండె ఆగిపోయేది అన్నారు డాక్టర్ గారు.

అద్భుతాలు జరగవని నేను అనట్లేదండీ, దేవుడు తల్చుకుంటే ఈ రాత్రికే చెయ్యగలడని నా నమ్మకం. కానీ ఆయన చెప్పని తేదీ మనం చెప్పడానికి మనమెవరం? ఆ తేదీ దాటిపోతే ఆ నింద ఎవరి మీద పడుతోంది? చెప్పినాయన మీద కాదు, రోగి మీద. అసలే రోగంతో ఉన్న మనిషి నెత్తిన, నీకు విశ్వాసం లేదు అనే ఇంకో బరువు.

మన తెలుగు బైబిల్లో దేవుని కోసం కనిపెట్టు అనే మాట ఎన్నిసార్లు వస్తుందో. ఇది మనం ఇళ్ళల్లో రోజూ వాడే మాటే కదా, పొయ్యి మీద పాలు పెట్టాను కాస్త కనిపెట్టుకుని ఉండు అంటాం, బాలింత దగ్గర ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి అంటాం. అంటే కళ్ళు తెరుచుకుని, పక్కనే ఉండి, చెయ్యాల్సింది చేస్తూ ఉండటం. పాలు కనిపెట్టమంటే ఎవరూ పొయ్యి దగ్గర నుంచి లేచి వెళ్ళిపోరు. 130వ కీర్తనలో కూడా తెల్లవారడం కోసం చూసే కావలివాడి పోలికే ఉంది, వాడు రాత్రంతా డ్యూటీలోనే ఉంటాడు. అపొస్తలుడు పౌలు తన శరీరంలో ఉన్న ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు, నా కృప నీకు చాలు అన్న జవాబే వచ్చింది. మరి పౌలుకి విశ్వాసం లేదని ఏ కూడికలో అయినా చెప్పగలరా?

మా ఊరి సంగతే చూడండి. అమెరికన్ బాప్టిస్టులు తెలుగువాళ్ళ మధ్యకి వచ్చింది 1836లో, నెల్లూరుకి 1840లో. ఏళ్ళు గడిచినా నమ్మినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే, 1853లో అయితే ఇక ఈ మిషనరీల పని ఆపేద్దామా అని అమెరికాలో చర్చ కూడా పెట్టారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూవెట్ దొర అనే మిషనరీ, ఆయన భార్య, ఇంకో ముగ్గురు తెలుగువాళ్ళు ఒంగోలు కొండెక్కి ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. వాళ్ళు అడిగిన ఆ మనిషి, మిషనరీ క్లౌ దొర, ఇక్కడికొచ్చింది 1866లో, అంటే పన్నెండేళ్ళకి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు ఉన్నది ఎనిమిది మంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఆ తర్వాతది. 1876-78 కరువులో జనం ఆకలితో చచ్చిపోతుంటే క్లౌ గారు ప్రార్థన చేసి ఊరుకోలేదు, బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. అప్పుడు బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతున్నా ఇవ్వలేదు, కూలి కోసం, తిండి కోసం వస్తున్నారేమో అని పదిహేను నెలలు ఆపారు. ఎదురుగా అంత జనం ఉన్నా ఆగారు చూడండి, ఈ రోజుల్లో లెక్కలు చెప్పుకునేవాళ్ళు ఎవరన్నా ఆగుతారా. కరువు పనులు అయిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మన సభల్లో ఈ 2,222 గురించి చెప్తారు, ఆ పదిహేను నెలల గురించి ఎవరూ చెప్పరు.

మా ఇంట్లో కనిపెట్టడం ఎలా ఉంటుందో కూడా చెప్తాను. ఆవిడకి రోజుకి 700 మిల్లీలీటర్ల నీళ్ళే, పొద్దున్నే సీసాలో కొలిచి పెడతాను, మాత్రలు వేసుకునే నీళ్ళూ టీ అన్నీ అందులోనే. అరటిపండు, కొబ్బరినీళ్ళు బంద్, కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండాలి. ఎండాకాలం సాయంత్రాలు నోరెండిపోతే చిన్న ఐస్ ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి ఆపరేషన్ చేసిన చోటు, ఫిస్టులా అంటారు, దాని మీద చెవి పెడితే బుస్ బుస్ మని చప్పుడు, అది ఆడుతోందో లేదో రోజూ రాత్రి చూసుకుని, అప్పుడు ఇద్దరం ప్రార్థన చేసుకుని పడుకుంటాం. స్వస్థత ఇవ్వమనే అడుగుతాం. జీవన్‌దాన్ నుంచి ఫోనొస్తే అది కూడా ఆయన జవాబే అనుకుంటాం, ఎందుకంటే అటువైపు ఏదో ఒక కుటుంబం ఏడుస్తూ సరే అన్నందుకే కదా ఆ ఫోన్ వచ్చేది.

మా సంఘం పాస్టర్ గారు ఆ శుక్రవారం తర్వాత నుంచి గురువారం గురువారం డయాలసిస్ వార్డుకి వస్తున్నారు. పెద్దగా ఏమీ మాట్లాడరు, ఒక కీర్తన చదివి స్టూల్ మీద కూర్చుంటారు, నేను కిందికెళ్ళి టీ తాగొచ్చేదాకా ఆవిడ దగ్గర కనిపెట్టుకుని ఉంటారు. పక్క బెడ్ ముసలాయన, వాళ్ళు హిందువులు, మా కోసం కూడా చదవండయ్యా అని ఈమధ్య ఆయనే అడుగుతున్నాడు. మీ పేపర్ చదివే పాస్టర్ గార్లు ఉంటే నా మనవి ఒక్కటే, మీ ఊళ్ళో డయాలసిస్ వార్డుకి వారంలో ఒక్క పూట వెళ్ళండి. తేదీలేమీ చెప్పొద్దు, కూర్చుంటే చాలు.

రేపు మంగళవారం, మాది ఫస్ట్ షిఫ్ట్, ఆరింటికల్లా అక్కడుండాలి. బ్యాగ్ ఆవిడే సర్దుతోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఒంగోలు