ఆ రిఫ్ పుట్టిల్లు

అమ్మలూ,

నువ్వు పంపిన మూడు రికార్డింగులూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగైదు సార్లు విన్నాను. డ్రమ్స్ వాయించే అబ్బాయి చెయ్యి నిలకడగా ఉంది. నీ కుడిచేతిలో బలం వచ్చింది. "నోట్లన్నీ సరిగ్గానే పడుతున్నాయి, అయినా వాళ్లలా ఎందుకు మోగట్లేదు నాన్నా?" అని అడిగావు. మీరు 1970ల నాటి ఇంగ్లిష్ హార్డ్ రాక్ బ్యాండు లెడ్ జెప్లిన్‌ను విని లెడ్ జెప్లిన్‌లా వాయించాలని చూస్తున్నారు. వాళ్లు విన్నది వేరే సంగీతం. అది మీ చెవిలో పడకుండా ఎన్ని పెడళ్లు కొన్నా ఆ మోత రాదు.

ముందు 1954 నాటి షికాగో బ్లూస్ దగ్గర మొదలుపెట్టు. బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాట, రాక్‌కు తల్లి. చెస్ రికార్డ్స్ కంపెనీ కోసం బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాడిన 'హూచీ కూచీ మ్యాన్' విను. పాట కట్టింది విల్లీ డిక్సన్, ఆ కంపెనీ రికార్డుల్లో బాస్ వాయించినవాడు. బ్యాండంతా ఒక చిన్న రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే స్వరాల ముక్క) కొట్టి ఠక్కున ఆగిపోతుంది. ఆ ఖాళీలో గొంతు వస్తుంది. మళ్లీ రిఫ్, మళ్లీ ఖాళీ. బుర్రకథలో కథకుడు మాట వదలగానే వంతలు 'తందాన తాన' అని అందుకుంటారే, అలాంటిదే. 1969లో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 'ఓ వెల్' పాటలో ఈ అమరికే వాడారు. అక్కణ్నుంచి అది 1971లో లెడ్ జెప్లిన్ 'బ్లాక్ డాగ్'లోకి వచ్చింది. గొంతు వచ్చే చోట వాయిద్యాలన్నీ నోరు మూసుకుంటాయి, అందుకే రిఫ్ తిరిగి వచ్చినప్పుడు అంత బరువుగా పడుతుంది. మీ రెండో రికార్డింగులో సింగర్ పాడుతున్నంతసేపూ నీ గిటార్ మోగుతూనే ఉంది. చివరి నోటు అయిన క్షణంలోనే కుడి అరచేతి అంచుతోనూ, ఎడమచేతి వేళ్లతోనూ కలిపి స్ట్రింగులు ఆపు. ఒక్క చెయ్యే వాడితే తాకని స్ట్రింగులు గెయిన్ (యాంప్‌లో శబ్దాన్ని చీల్చే నాబ్) దెబ్బకు వాటంతట అవే గుంయిమంటాయి.

ఇక స్వరాలు. ఎ మైనర్ పెంటటోనిక్ అంటే ఎ, సి, డి, ఇ, జి. ఎ ని షడ్జం అనుకుని పాడి చూడు: స గ మ ప ని. సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, కైశికి నిషాదం. చిన్నప్పుడు పాఠంలో పాడిన శుద్ధ ధన్యాసి స్వరాలే ఇవి. వీటి మధ్య ప్రతి మధ్యమాన్ని దారిన పోతూ తాకి వదిలేస్తే అదే బ్లూస్ స్కేల్. తేడా గాంధారం దగ్గర ఉంది. బ్లూస్ గాయకులు దాన్ని సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ, ఏ ఫ్రెట్టూ (నెక్ మీది లోహపు గీత) లేని చోట నిలుపుతారు. గిటార్ మీద అక్కడికి చేరాలంటే స్ట్రింగ్‌ను వంచాలి. మూడో స్ట్రింగ్ 5వ ఫ్రెట్ మీద సి ఉంటుంది. కొంచెమే లాగు. ట్యూనర్ పెట్టుకుంటే సూది 30 నుంచి 50 సెంట్లు పైకి వెళ్లాలి (ఒక ఫ్రెట్ దూరం వంద సెంట్లు). అంతకు మించి వెళ్తే సి షార్ప్‌కు దగ్గరై, బ్లూస్ రంగు పోయి మామూలు మేజర్‌లా వినిపిస్తుంది.

పూర్తి బెండ్ వేరే సాధన. అదే స్ట్రింగ్ మీద 9వ ఫ్రెట్ నొక్కి ఇ విను, తర్వాత 7వ ఫ్రెట్‌కు వచ్చి డి ని ఆ ఇ వరకు లాగు. నీ బెండ్లు దాదాపు అన్నీ తక్కువ శ్రుతిలో ఆగిపోతున్నాయి, ఎందుకంటే ఒక్క ఉంగరపు వేలితో తోస్తున్నావు. దాని వెనక మధ్యవేలు, చూపుడువేలు కూడా ఆనించు. బొటనవేలు నెక్ పైఅంచు మీద వేసి, తలుపు గొళ్లెం తిప్పినట్టు మణికట్టు తిప్పు. రోజుకు ఇరవై చాలు, కానీ ప్రతిదానికీ ముందు 9వ ఫ్రెట్ నోటు వినాలి. గమకం పలికిన గొంతు కదా నీది, చెవి తప్పు పట్టుకుంటుంది.

రెండో పుట్టిల్లు, 1950ల రాక్ అండ్ రోల్ గిటారిస్టు చక్ బెర్రీ. ఏసీ/డీసీ పాటలు నీకంత ఇష్టం కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. బెర్రీ బ్యాండులో పియానో వాయించినవాడు జానీ జాన్సన్. బూగీ-వూగీ పియానోలో ఎడమచెయ్యి షడ్జం-పంచమం, షడ్జం-ధైవతం అంటూ ఊగుతుంది. ఆ ఊపును బెర్రీ గిటార్ మందపాటి రెండు స్ట్రింగుల మీదికి దించాడు. హార్డ్ రాక్ రిథమ్ గిటార్‌లో సగం అక్కడే పుట్టింది. 'జానీ బి. గుడ్' బి ఫ్లాట్‌లో ఉంటుంది, గిటార్‌కు అంత అనువైన శ్రుతి కాదు, పియానోకు అనువైనది. 6వ ఫ్రెట్ దగ్గర పట్టి వాయించు. చిటికెన వేలు సాగి నొప్పి పెడితే, మొదట 8వ ఫ్రెట్‌కు జరిగి సి లో సాధన చేసి వెనక్కి రా.

ఆ పాత రికార్డుల్లో నడకను బాగా గమనించు. గిటార్ సమంగా నడుస్తుంటే డ్రమ్స్ ఊగుతుంటాయి. 120 టెంపోలో (నిమిషానికి 120 బీట్లు) ఒక బీట్ 500 మిల్లీసెకన్లు. సమనడకలో రెండు దెబ్బలూ 250, 250. షఫుల్‌లో తిశ్రం లెక్క, అంటే సుమారు 333, 167. ఈ రెండు నడకలూ ఒరుసుకుంటేనే ఆ ఉరకలు పుడతాయి. 1973లో సిడ్నీలో మొదలైన ఏసీ/డీసీ తొలినాళ్లలోనే, 1975లో, బెర్రీ పాట 'స్కూల్ డేస్' రికార్డు చేసింది. వాళ్ల రిథమ్ గిటారిస్టు మాల్కమ్ యంగ్ కుడిచేతిలో బెర్రీ ఉంటాడు. ఎ, డి, జి లాంటి మామూలు ఓపెన్ కార్డులే, మధ్యలో ఖాళీలు. గెయిన్ నువ్వు అనుకునేదానికంటే చాలా తక్కువ. మోత బలంగా అనిపించేది వాల్యూమ్ వల్ల, కుడిచేతి దెబ్బ వల్ల, ఇద్దరు గిటారిస్టులూ ఒకే క్షణంలో ఆగడం వల్ల.

గెయిన్ ఎందుకు తగ్గించమంటున్నానో లెక్కతో చెబుతాను. యాంప్ శబ్దాన్ని చీల్చినప్పుడు, రెండు నోట్ల మధ్య తేడా ఎంతో అంత ఫ్రీక్వెన్సీ ఉన్న కొత్త శబ్దం కూడా పుడుతుంది. ఎ అంటే 110 హెర్ట్జ్, పైన ఇ అంటే సుమారు 165. తేడా 55, అది సరిగ్గా కింది ఎ. అందుకే షడ్జం, పంచమం మాత్రమే ఉండే పవర్ కార్డ్ అంత గంభీరంగా ఉంటుంది, బాస్ గిటార్ తోడు వచ్చినట్టు. ఇప్పుడు ఎ తో సి షార్ప్ కలుపు, అది 138.6. తేడా 28.6. దగ్గర్లోని ఎ 27.5. సరిపోలదు. ఇలాంటి అతకని నోట్లు ఇంకా కొన్ని పుట్టి, అసలు కార్డును బురద చేస్తాయి. మీ మూడో పాటలో గెయిన్ 8 మీద పెట్టి పూర్తి ఎ మేజర్ వాయిస్తున్నావు, ఆ బురద అదే. దారి రెండే: గెయిన్ 8 ఉండాలంటే షడ్జం, పంచమం మాత్రమే పట్టు. పూర్తి కార్డు కావాలంటే గెయిన్ 3కు దించు. యాంప్ నాబ్‌ల మీద మిడ్ (మధ్య స్థాయి శబ్దాలు) 6 లేదా 7, బాస్ 4. మిడ్ తగ్గిస్తే హాస్టల్ గదిలో ఒంటరిగా బాగుంటుంది గానీ, డ్రమ్స్, బాస్ కలవగానే నీ గిటార్ మాయమైపోతుంది. లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్‌లో వాళ్ల గిటారిస్టు జిమ్మీ పేజ్ వాడింది టెలీకాస్టర్ గిటార్, చిన్న సుప్రో యాంప్. పెద్ద స్టాకుల గోడ లేదు.

బ్లాక్ సబ్బాత్ బ్యాండు సంగతి క్లుప్తంగా. వాళ్ల పేరుతోనే ఉన్న 1970 నాటి పాట రిఫ్‌లో మూడే నోట్లు: జి, పై జి, సి షార్ప్. స, పై స, ప్రతి మధ్యమం. అంతకుముందు వాళ్ల బాసిస్టు గీజర్ బట్లర్, స్వరకర్త హోల్స్ట్ కట్టిన 'ది ప్లానెట్స్'లోని 'మార్స్' భాగాన్ని బాస్ మీద వాయిస్తుండేవాడు. రిఫ్‌కు బీజం ఆర్కెస్ట్రా సంగీతంలో ఉందన్నమాట. వాళ్ల గిటారిస్టు టోనీ అయోమీకి పదిహేడేళ్లప్పుడు ఫ్యాక్టరీ ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి ఫ్రెట్లు నొక్కేది ఆ చెయ్యే. రెండు వేళ్లు దెబ్బతిన్నా వాయించిన జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డు విన్నాకే మళ్లీ గిటార్ పట్టాడు. 1971లో శ్రుతిని మూడు సెమీటోన్లు (మూడు ఫ్రెట్లంత) కిందికి దించాడు, బిగువు తగ్గితే వేళ్లకు సులువు. నీ సన్నని 9-42 స్ట్రింగుల సెట్ మీద అలా దించకు. స్ట్రింగులు వదులై ఫ్రెట్ల మీద టపటపలాడతాయి, గట్టిగా కొడితే శ్రుతి పైకి తేలుతుంది. తప్పదంటే కనీసం మందమైన 11-54 సెట్ వేయించి, ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే కడ్డీ), ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ మీదా శ్రుతి) మళ్లీ సరిచేయించాలి.

మీ కీబోర్డ్ అమ్మాయిని డీప్ పర్పుల్ వినమను. వాళ్ల కీబోర్డ్ వాద్యకారుడు జాన్ లార్డ్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చినవాడు. 1969 సెప్టెంబర్ 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో బ్యాండు వాయించిన కచేరీ కూర్పు ఆయనదే. ఆయన హామండ్ ఆర్గన్‌ను గిటార్ వాళ్లు వాడే మార్షల్ యాంప్‌లోంచి పంపేవాడు. మీరు చేయాల్సింది: ఆర్గన్ టోన్ తీసుకుని, కోరస్, రివర్బ్ ఆపి, మోనో అవుట్‌ను ఓవర్‌డ్రైవ్ పెడల్‌లోకి పంపండి. కీబోర్డ్ వాల్యూమ్ బాగా కింద నుంచి మొదలుపెట్టండి, ఆ సిగ్నల్ గిటార్ కంటే బలమైంది. ఎడమచేత్తో షడ్జం, పంచమమే. కారణం పైన చెప్పిన లెక్కే. 1972 నాటి 'హైవే స్టార్' గిటార్ సోలోకు ఆ బ్యాండు గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ తీసుకున్నది బాఖ్ తరహా కార్డుల వరస: డి మైనర్, జి మైనర్, సి, ఎ. 60 టెంపోలో ఆ నాలుగింటి మీద ఒక్కో నోటుగా ఆర్పెజియోలు వేస్తే పిక్ పైకీ కిందికీ సమంగా తిరగడం అలవాటవుతుంది. వాళ్లదే 'స్మోక్ ఆన్ ద వాటర్' రిఫ్‌ను పిక్‌తో గీస్తున్నావు, అది పొరపాటు. పంచమం కింద, షడ్జం పైన ఉన్న జంట నోట్లు అవి. రెండింటినీ వేళ్లతో ఒకేసారి మీటాలి. పిక్‌తో ఒకటి ముందు, ఒకటి వెనక పడి ఆ బిగువు పోతుంది.

డ్రమ్స్ అబ్బాయికి: 'వెన్ ద లెవీ బ్రేక్స్' మొదట 1929లో కాన్సస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ ఇద్దరూ గిటార్లతో రికార్డు చేసిన బ్లూస్ పాట, 1927 మిసిసిపీ వరద మీద. 1971లో లెడ్ జెప్లిన్ అదే పాట చేసినప్పుడు, వాళ్ల డ్రమ్మర్ జాన్ బోన్‌హామ్ డ్రమ్ సెట్‌ను హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో మెట్ల హాలులో వేసి, పై అంతస్తు నుంచి రెండు మైకులతో పట్టారు. మీ కాలేజీలో మెట్లుంటాయిగా. డ్రమ్స్ కింద వేసి, రెండు మైకులు ఒక అంతస్తు పైన పెట్టి చూడండి. కిక్ డ్రమ్‌లో దిండు కుక్కొద్దు, చర్మం మోగాలి. వేగంగా వాయిస్తే ప్రతిధ్వనులు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి టెంపో 75 దాటనివ్వకండి.

మన వైపు గాలి కూడా అందులో ఉందమ్మా. 1969లో లెడ్ జెప్లిన్ 'బ్లాక్ మౌంటెన్ సైడ్'కు విరామ్ జసానీ తబలా వాయించాడు. 1972లో పేజ్, ఆ బ్యాండు గాయకుడు ప్లాంట్ బొంబాయిలో స్థానిక వాద్యకారులతో రెండు పాటలు రికార్డు చేశారు. వాళ్ల 1975 నాటి 'కశ్మీర్'లో గిటార్ మూడు లెక్కన, డ్రమ్స్ నాలుగు లెక్కన నడిచి పన్నెండో అక్షరానికి కలుస్తాయి. గిటార్ శ్రుతి డి-ఎ-డి-జి-ఎ-డి. విడిగా మీటినా స, ప తంబురాలా మోగుతుంటాయి.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. లెడ్ జెప్లిన్ 'హోల్ లోటా లవ్'లో, మడ్డీ వాటర్స్ 1962లో పాడిన డిక్సన్ పాట 'యూ నీడ్ లవ్' మాటలు ఉన్నాయి. 1969లో ఆల్బమ్ మీద డిక్సన్ పేరు లేదు. 1985లో ఆయన దావా వేశాడు, 1987లో రాజీ కుదిరింది, తర్వాత పేరు చేరింది. మీరు వీడియో పెట్టేటప్పుడు బ్యాండు పేరుతో ఆపకండి, పాట కట్టినవాళ్ల పేర్లూ రాయండి.

ఈ వారం ఒక్కటే పని. ఎ లో 12 బార్లు (ఒక్కో బార్ నాలుగు బీట్లు): నాలుగు ఎ, రెండు డి, రెండు ఎ, ఒకటి ఇ, ఒకటి డి, రెండు ఎ. టెంపో 100, గెయిన్ 3, పెడల్ లేకుండా. ఒకసారి సమనడకలో, ఒకసారి షఫుల్‌లో ఫోన్‌లో రికార్డు చేసి పంపు. మొదలుపెట్టే ముందు మూడో స్ట్రింగ్ మార్చు, రెండో పాటలో దాని శ్రుతి జారుతోంది. కొత్తది వేశాక చేత్తో మెల్లగా పైకి లాగి, శ్రుతి చేసి, మళ్లీ లాగు. మూడు నాలుగు సార్లకు నిలుస్తుంది.

ప్రేమతో,
నాన్న