బ్యాటిల్ బాంబర్‌కి రెండే తుపాకులు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

రెండో ప్రపంచయుద్ధం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, ఫెయిరీ బ్యాటిల్ బాంబర్‌కి రెండే తుపాకులు ఉండటాన్ని బ్రిటిష్ అధికారుల పిసినారితనంగా తేల్చేసింది. విషయం అంత తేలిక కాదు.

ఆ విమానం ఎలా ఉండాలో నిర్ణయించింది 1930ల మొదట్లో. అప్పటి బ్రిటిష్ ఫైటర్ బ్రిస్టల్ బుల్‌డాగ్ ఒక బైప్లేన్, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలున్న విమానం. వేగం గంటకు 280 కి.మీ., తుపాకులు రెండు. అంతకన్నా వేగంగా పోయే బాంబర్‌ని ఫైటర్ వెనక నుంచి అందుకోలేదనుకున్నారు. అందుకే రెక్కలో ఒక 7.7 మి.మీ. బ్రౌనింగ్, వెనక గన్నర్ చేతికి ఒక వికర్స్ కె సరిపెట్టారు.

ఇంకో రెండు పెడితే ఏం పోయేది? బాంబులు పోయేవి. ఒక్క మెర్లిన్ ఇంజన్, 1,030 హార్స్‌పవర్, ముగ్గురు మనుషుల్నీ 450 కిలోల బాంబుల్నీ మోయాలి. అదే మెర్లిన్‌తో, నాలుగు తుపాకుల టరెట్ (చుట్టూ తిరిగే తుపాకీ గూడు) తగిలిస్తే తయారైంది డిఫయంట్ ఫైటర్. దానికి బాంబులే లేవు.

1940 మేలో ఫ్రాన్స్‌లో ఎదురైంది జర్మన్ ఫైటర్ మెసర్‌ష్మిట్ 109. బ్యాటిల్ గరిష్ఠ వేగం 415 కి.మీ., దానిది 560 దాకా. అంటే సెకనుకు 40 మీటర్ల తేడా. 300 మీటర్ల దూరం అయిదు సెకన్లలో 100కి తగ్గిపోతుంది. వికర్స్ డ్రమ్ములో (గుండ్లు నింపే గుండ్రటి డబ్బాలో) వంద లోపే గుండ్లు, ఆరు సెకన్లలో ఖాళీ. ఎదురుగాలిలో నిలబడి డ్రమ్ము మార్చేలోపు అవతలివాడి 20 మి.మీ. ఫిరంగులు పని కానిచ్చేస్తాయి. తోక కింద నుంచి వచ్చేవాడైతే గన్నర్‌కి అసలు దొరకడు. ఫ్రాన్స్‌లో కొన్ని విమానాలకు కింద మూడో తుపాకీ బిగించారు గానీ అది అతుకుల పనే. తూటా పడ్డ రంధ్రాన్ని తనంతట మూసుకునే పొర ఇంధన ట్యాంకులకు మొదట్లో లేకపోవడం, నన్నడిగితే, తుపాకుల కొరత కన్నా పెద్ద లోపం.

మే 14న ఫ్రాన్స్‌లోని సెడాన్ వంతెనల మీదికి 63 బ్యాటిల్స్ వెళ్తే 35 కూలాయి. ఫైటర్లతో పాటు నేల మీది ఫిరంగులూ వాటిని కొట్టాయి. ఆ నేల ఫిరంగులకు విమానం వెనక తుపాకీ ఏం సమాధానం చెబుతుంది?

తుపాకులు పెంచితే గట్టెక్కేవనీ చెప్పలేం. 1943 అక్టోబర్ 14న జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ దాడికి బయల్దేరిన 291 అమెరికన్ బి-17 బాంబర్లలో 60 పోయాయి. ఒక్కోదానికి పదికి పైగా 12.7 మి.మీ. తుపాకులున్నాయి. మస్కిటో బాంబర్‌కి ఒక్కటీ లేదు, 600 కి.మీ. వేగమే దాన్ని కాచింది.

జర్మన్ బాంబర్ స్టూకా వెనకా ఉన్నది ఒక్క ఎంజి 15 తుపాకీ, డ్రమ్ముకి 75 గుండ్లు. 1940 ఆగస్టులో బ్రిటన్ మీద నష్టాలు భరించలేక దాన్ని ఆ పోరు నుంచి తప్పించారు. వ్యాసంలో ఈ ముక్క కూడా ఉండాల్సింది.

– ఒక పాఠకుడు, హైదరాబాద్