షబ్బాత్ భోజనాల కమిటీ: 2024–25 జమా ఖర్చుల వివరణ

దాతలకు, విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు నమస్కారం.

న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలోని మా కళాశాలలో యూదు విద్యార్థులు, మేము కొందరు తెలుగువాళ్లం కలిసి నడిపే షబ్బాత్ (యూదుల వారాంతపు విశ్రాంతి దినం) శుక్రవారం భోజనాలకు, యూదుల పండుగలకు 2024 ఆగస్టు చివరి నుంచి 2025 మే నెలాఖరు వరకు వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఇక్కడ వివరిస్తున్నాం. ఇంగ్లిషు ప్రతి ఇదివరకే అందరికీ పంపాం. ఈ ఏడాది చందాల్లో మూడున్నర వేల డాలర్లకు పైగా క్వీన్స్, న్యూజెర్సీలలోని తెలుగు కుటుంబాలు ఇచ్చినవి. ఇచ్చినవారి భాషలో లెక్క చెప్పడం మర్యాద అని కమిటీ అనుకుంది. కమిటీలోని ఏడుగురిలో తెలుగువాళ్లం ఇద్దరమే కాబట్టి, రాసే పని కోశాధికారినైన నాకు వచ్చింది.

జమ (డాలర్లలో)
ముందరి నిల్వ: 412
విద్యార్థి కార్యక్రమాల నిధి కేటాయింపు: 4,200
పూర్వ విద్యార్థులు, యూదు కుటుంబాల చందాలు: 5,868
తెలుగు కుటుంబాల చందాలు: 3,552
పస్కా (పులియని రొట్టెల పండుగ) భోజనం టికెట్లు: 1,280
పూరీము పండుగ రోజు పేదలకని వసూలు: 540
మొత్తం జమ: 15,852

చందాల పుస్తకంలో వంద, రెండు వందలు అని గుండ్రంగా ఇచ్చినవారు ఒక్కరూ లేరు. తెలుగు కుటుంబాల్లో ఇరవై ఒకటి, ఒక్కోటి నూట పదహార్లు చొప్పున ఇచ్చాయి, ఒకరు వెయ్యి నూట పదహార్లు ఇచ్చారు. యూదు దాతలవి 18, 36, 54, 180. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంది. ఆ లెక్కన 18 జీవానికి గుర్తు, అందుకే శుభానికి ఆ గుణిజాల్లో ఇస్తారు. బ్యాంకులో డబ్బు వేసేటప్పుడు చిల్లర లెక్క సరిచూడటం మాత్రం మా ప్రాణం మీదికి వచ్చేది.

18 గుణిజాల చెక్కుల్లో కొన్ని డెబ్బై దాటినవారివి. ఈ విశ్వవిద్యాలయంలో 1976 వరకు నగర విద్యార్థులకు బోధన రుసుము ఉండేది కాదు. 1920లలో పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు యూదు విద్యార్థుల సంఖ్యకు రకరకాలుగా కళ్లెం వేసినప్పుడు, తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన దర్జీల, చిల్లర వర్తకుల పిల్లలకు దిక్కయినది ఇప్పుడు ఈ విశ్వవిద్యాలయంలో భాగమైన సిటీ కాలేజీయే. 1930లలో అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు వాళ్లే. ఒకాయన చెక్కుతో పాటు పంపిన చీటీలో, తాను చదివినప్పుడు ఫీజు కట్టలేదనీ, ఇప్పుడు కడుతున్నాననీ రాశారు. రసీదు పంపాం.

ఇక ఖర్చు. అన్నిటికంటే పెద్ద పద్దు శుక్రవారం భోజనాలది. మొత్తం 22 శుక్రవారాలకు సరుకులు 6,930, కాగితపు పళ్లాలు, గ్లాసులు 836, పర్యవేక్షకుడికి 1,320.

ఈ భోజనాల దగ్గర హుండీ ఎందుకు పెట్టలేదని, ఫోనులో డబ్బు పంపే ఏర్పాటు ఎందుకు లేదని చాలామంది అడిగారు. శుక్రవారం సూర్యాస్తమయంతో షబ్బాత్ మొదలవుతుంది. అప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా ఆచారం పాటించేవారు డబ్బు ముట్టరు, కలం పట్టరు, ఫోను తీయరు. కాబట్టి వసూలూ లేదు, హాజరు పట్టీ కూడా లేదు. మనుషులను తలలు లెక్కపెట్టడం కూడా వారి సంప్రదాయానికి పనికిరాదు. చివరికి పళ్లాలనే లెక్కపెట్టాం. కట్టలు శుక్రవారం మధ్యాహ్నం ఒకసారి, ఆదివారం పొద్దున ఒకసారి. సగటున పూటకు 35 పళ్లాలు, పళ్లానికి 9 డాలర్ల సరుకు. హాలు, వంటగది కళాశాల ఉచితంగా ఇచ్చింది.

వంట విద్యార్థులే చేసుకుంటుంటే పర్యవేక్షకుడికి పూటకు 60 డాలర్లు దండగ కాదా అని న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక పెద్దాయన నిలదీశారు. ఆయన అడిగింది న్యాయమే. కోషర్ (యూదుల ఆహార నియమాలు పాటించే) వంటగదిలో మష్గియాహ్ అనే పర్యవేక్షకుడు లేకపోతే ఆ వంట ఆచారపరులైన యూదు విద్యార్థులు తినరు. ఆకుకూరల్లో పురుగు ఉండకూడదు కనుక ఆయన ఆకు ఆకూ వెలుతురులో తిప్పి చూస్తారు. మేము తెచ్చిన కరివేపాకు చూసి మొదటి వారం ఆయన దిగులుపడ్డ మాట నిజం. పైగా వంట చేసేవారిలో సగం మంది తెలుగువాళ్లం. యూదులు కానివారు వండాలంటే పొయ్యి వెలిగించే చెయ్యి యూదుడిది కావాలి. ఆ వెలిగించేదీ ఆయనే. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. అంతకు ముందే పొయ్యి కట్టేయాలి కనుక, తరగతుల మధ్య పరుగెత్తుకొచ్చి వండేవాళ్లం.

యూదుల భోజనానికి మన నూట పదహార్లు ఎందుకన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ వంటగదిలోనే ఉంది. కోషర్ పద్ధతిలో మాంసం, పాలు కలవవు. కలవకపోవడమంటే వంటకంలోనే కాదు, గిన్నెలు, గరిటెలు, కడిగే తొట్టె కూడా వేర్వేరు. పాల వంటకు వాడే గిన్నె ఎన్నడూ మాంసం ఎరగదు. ఊరినుంచి కొత్తగా వచ్చిన శాకాహార విద్యార్థికి ఈ నగరంలో ఇంతకు మించిన భరోసా దొరకదు. అయితే చేపలు, గుడ్లు వాళ్ల లెక్కలో మాంసం కావు. అందుకని శుక్రవారాలు పూర్తిగా పాల వంటే ఉండాలనీ, చేప, గుడ్డు వడ్డించే బల్ల విడిగా ఉండాలనీ సెప్టెంబరులోనే తీర్మానించాం. కోషర్ మాంసం ధర తెలిసినవారికి ఇందులో మిగిలిన డబ్బు ఎంతో చెప్పనక్కర్లేదు.

అక్టోబరు పర్ణశాలల పండుగకు 1,236. అందులో 96 ఆ పండుగ ప్రార్థనలో చేతబట్టే రెండు జతల ఖర్జూర మట్టలకు, మాదీఫలాలకు. మిగతా 1,140 ప్రాంగణంలో వేసిన పందిరిది. పైకప్పు కొమ్మలతో, వెదురుతో కప్పాలి, సందుల్లోంచి నక్షత్రాలు కనబడాలి. చట్రం, గుడ్డ విప్పి దాచాం, వచ్చే ఏడాది కొమ్మల ఖర్చే ఉంటుంది.

పూరీము మార్చి 14న వచ్చింది. ఆ రోజు పేదలకని వసూలైన డబ్బు ఆ రోజే పేదలకు చేరాలి. జమ 540, ఖర్చు 540, అదే తేదీ.

పస్కాకు 2,980, దానికి విడిగా పర్యవేక్షణ 360. పస్కా భోజనం పడిన ఏప్రిల్ 12 శనివారం కావడంతో రాత్రి ఎనిమిది దాటి షబ్బాత్ ముగిసేదాకా బల్లలు సర్దడానికే వీల్లేదు. పులియని రొట్టెలు, ద్రాక్షరసం 640, భోజనం 1,610, పళ్లాల అద్దె, శుభ్రత 300. కొత్త గిన్నెలు, కత్తిపీటలకు 430 ఎందుకంటే, పస్కా వారంలో పులిసిన పిండి నిషిద్ధం కనుక ఏడాదంతా గోధుమ తగిలిన గిన్నెలు అప్పుడు పనికిరావు. మరిగే నీళ్లతో శుద్ధి చేసే పద్ధతి ఉన్నా, మా పాత పెనాలు అందుకు నిలిచేవి కావు. కొన్నవి మూటగట్టి పస్కా అని రాసి పెట్టాం.

ఆ రాత్రి పులిహోర ఎందుకు లేదని అడిగినవారికి: తూర్పు ఐరోపా మూలాలున్న కుటుంబాలు పస్కా వారంలో బియ్యం, పప్పులు, ఆవాలు కూడా ముట్టవు. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చినవారిలో చాలామంది బియ్యం తింటారు. 2015లో అమెరికాలోని ఒక శాఖ పెద్దలు అందరికీ బియ్యం, పప్పులు తినవచ్చని తీర్పిచ్చారు కానీ ఒప్పుకోనివాళ్లు బోలెడు మంది. రెండు వంటలకు రెండింతల గిన్నెలు కావాలి కనుక బియ్యం మానేశాం. ఇంగువ అయితే అసలే కుదరదు, డబ్బా ఇంగువలో గోధుమపిండి కలుస్తుంది. బంగాళాదుంప వేపుడు, వంకాయ కూర పోపు లేకుండానే చేశాం. పండుగ పళ్లెంలో పెట్టే ఎముక స్థానంలో బీట్‌రూట్ పెట్టాం, దానికి యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముదులోనే ఆధారం ఉంది.

20 డాలర్ల టికెట్టు కొన్నవారు 64 మంది. టికెట్టు లేకుండా కూర్చున్నవారు 27 మంది. ఆకలిగొన్నవారు ఎవరైనా వచ్చి తినండి అనే పిలుపుతో మొదలయ్యే భోజనానికి తలుపు దగ్గర టికెట్టు అడగడం మాకు చేతకాలేదు, వచ్చే ఏడాదీ అడగం. విస్తరికి సుమారు 33 డాలర్లు పడింది, తేడా చందాలు భరించాయి.

కాపలాకు 1,120, అంటే గంటకు 35 చొప్పున 32 గంటలు. 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్ యూదు ప్రార్థనామందిరంలో 11 మందిని కాల్చి చంపిన తరువాత ఈ దేశంలో యూదుల కూడికలకు ఇది తప్పని ఖర్చయింది. 2023 అక్టోబరులో ఇజ్రాయెల్‌పై హమాస్ దాడి తరువాత తల్లిదండ్రులు ముందు అడిగేది ఇదే. తిండికి వాడాల్సిన డబ్బు ఇలా పోవడం కమిటీలో ఎవరికీ ఇష్టం లేదు. విద్యార్థి నిధి షరతులు ఒప్పుకోవు కనుక చందాల్లోంచే ఇచ్చాం.

అచ్చు, బ్యాంకు రుసుములు 74. మొత్తం ఖర్చు 15,396. చివరి నిల్వ 456.

నిల్వను గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులకు పంపమని ఒక దాత సూచించారు. మంచి ఆలోచనే, కానీ ఈ డబ్బు ఇక్కడి భోజనాలకని అడిగి తీసుకున్నది. పంపాలంటే ఆ పేరుతోనే విడిగా అడగాలి.

బిల్లులు, రసీదు పుస్తకాలు 2025 జూన్ నెలంతా వంటగది పక్క గదిలో ఉంటాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు, శుక్రవారం సాయంత్రం, శనివారం తప్ప.

కోశాధికారి, కమిటీ తరఫున