లెక్క ఎక్కడ మొదలుపెట్టారో అడుగు

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. "జీవ ఇంధనం ప్రాజెక్టులో డబ్బు పెట్టమంటున్నారు. లాభమేనా, భూమికి మేలేనా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో తేలేది కాదురా, ఓపిగ్గా చదువు.

చక్కెరని పులియబెట్టి తీసే జీవ ఇంధనం ఇథనాల్. దాని లీటరు ధరనీ లీటరు పెట్రోలు ధరనీ పక్కపక్కన పెట్టి మురిసిపోకు. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. అంతే దూరం పోవాలంటే సుమారు లీటరున్నర పొయ్యాలి. పైగా కిలో గ్లూకోజ్ చక్కెర ఎంత బాగా పులిసినా 511 గ్రాములకి మించి ఇథనాల్ రాదు, మిగతాదంతా కార్బన్ డయాక్సైడై పోతుంది. అందుకే ముడిసరుకు ధర కాస్త పెరిగినా ఫ్యాక్టరీ తట్టుకోలేదు.

ముడిసరుకుగా గడ్డి చవకే కదా అంటావు. చవకే. కానీ మొక్కని గట్టిగా నిలబెట్టే లిగ్నిన్ అనే పదార్థం పట్టులోంచి దాని చక్కెరని విడిపించడానికి ఆమ్లం, ఆవిరి, ఎంజైములు కావాలి. ఫ్యాక్టరీ సామర్థ్యం రెట్టింపైతే పెట్టుబడి ఒకటిన్నర రెట్లే అవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క, కాబట్టి పెద్దది కడదామనిపిస్తుంది. అప్పుడు గడ్డిని ఇంకా దూరం నుంచి మొయ్యాలి, పెట్టుబడిలో ఆదా అయిందంతా లారీల కిరాయికే పోతుంది. అమెరికా 2007 చట్టంలో 2022 కల్లా ఏడాదికి 1600 కోట్ల గ్యాలన్ల సెల్యులోజ్ ఇంధనం (ఇలా గడ్డీ, చెక్కల నుంచి తీసేది) అని రాసుకుని, దాని దరిదాపులకి కూడా రాలేకపోయింది.

ఇంధనం కంటే, ఇలాగే పులియబెట్టి తీసే రసాయనాల మీద నాకు ఎక్కువ ఆశ. ప్లాస్టిక్‌ల వంటివాటికి ముడిసరుకైన సక్సినిక్ ఆమ్లం తయారీలో సూక్ష్మజీవులు కార్బన్ డయాక్సైడ్‌ని వదలవు, లోపలికి తీసుకుంటాయి. అయినా దాన్ని తయారుచేసిన బయోఆంబర్ అనే కంపెనీ 2018లో దివాలా తీసింది. పల్చటి ద్రవంలోంచి సరుకుని శుద్ధిగా వేరుచెయ్యడం ఎంత ఖర్చో బయటివాళ్లకి తెలియదు.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టేది నేల సంగతి. నత్రజని ఎరువు వేసిన చేలోంచి నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు లేస్తుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడి పెంచుతుంది. 2008లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, పీట్ నేలల్లో (కుళ్లీ కుళ్లని మొక్కల పొరలతో కార్బన్ నిండిన బురద నేలలు) అడవి నరికి పామాయిల్ బయోడీజిల్ తీస్తే ఆ కార్బన్ అప్పు, అంటే నరకడం వల్ల గాలిలో కలిసిన కార్బన్, ఇంధనం వల్ల అయ్యే ఆదాతో తీరడానికి 400 ఏళ్లకి పైగా పడుతుంది! ఫ్యాక్టరీ గేటు దగ్గర లెక్క మొదలుపెడితే ఈ అప్పు కాగితం మీద కనపడనే కనపడదు.

వాళ్లిచ్చిన నివేదికలో ఆ పంట నేల ఇంతకుముందు ఏమిటో, ఫ్యాక్టరీలో మిగిలే పిప్పికీ మడ్డికీ మొత్తం ఉద్గారాల్లో ఎంత వాటా అంటగట్టారో ఉండాలి. చివర్లో ఉన్న పట్టికల పేజీలు ఫొటో తీసి పంపు. నేను కూర్చుని చూసేదాకా సంతకం పెట్టకురా.

నీ
శీను